తెల్లమచ్చ జబ్బుకు ఉప్పు తగ్గించే వైద్యం



గాజుతొట్లలో సముద్రపు రంగుచేపలు పెంచేవారికి తెల్లమచ్చ జబ్బు కొత్తగాదు. చేప ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి చుక్కలు లేస్తాయి. చేప రాళ్ళకు ఒళ్ళు రాచుకుంటుంది, మేత మానుతుంది, రొప్పుతుంది. క్రిప్టోకారియాన్ అనే సూక్ష్మజీవి దీనికి కారణం.

నీటిలో ఉప్పు తగ్గించి దీనిని అణచవచ్చును. ఎట్లాగంటారా? చేప ఒంటిలోని ద్రవాలలో ఉప్పు సముద్రపు నీటిలోని దానికి మూడో వంతు మాత్రమే. అందుచేత పలుచని నీటిని చేప ఓర్చుకుంటుంది. సూక్ష్మజీవి ఓర్చుకోలేదు, నీరు లోపలికి చొచ్చి, ఉబ్బి పగిలిపోతుంది.

వైద్యానికి వేరే తొట్టి కావలెను. పగడాలు, రొయ్యలు పలుచని నీటిలో చస్తాయి గనుక వాటిని అందులో వెయ్యకండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. దానిని 15కు దించాలి. 43 లీటర్ల సముద్రపు నీటిలో చేపలను వదలి, 57 లీటర్ల మంచినీరు రెండు రోజులమీద కొద్దికొద్దిగా కలిపితే లెక్క సరిపోతుంది. కుళాయి నీరైతే ముందుగా ఒకరోజు గాలి పట్టించి క్లోరిన్ పోగొట్టండి. ఉప్పును నాలుకతో గాక రిఫ్రాక్టోమీటరుతో చూడండి. అమ్మోనియా పెరగకుండా కనిపెట్టి ఉండండి.

ఇక అసలు మాట. నాలుగైదు రోజుల్లో చుక్కలు రాలిపోతాయి. జబ్బు పోయిందనుకొని చేపలను పాత తొట్టిలో వేశారా, మొదటికే మోసం! వేరుశనగ చేలో ఎర్రగొంగళి కనబడకపోతే పోయినట్టా? నేలలో గూడు కట్టుకొని ఉంటుంది గదా. ఇదీ అంతే. చేపను వదలి అడుగున గూడు కట్టి, ఒక్కటి వందలుగా చీలి, మళ్ళీ చేపను పడుతుంది. కాబట్టి 15 గ్రాముల దగ్గర కనీసం మూడు వారాలు నిలపాలి. నడుమ చుక్క కనబడితే లెక్క మళ్ళీ మొదటినుంచే. తరువాత ఉప్పును వారంరోజుల మీద మెల్లగా పెంచండి. పాత తొట్టిని రెండున్నర నెలలు చేపలు లేకుండా ఉంచండి. పట్టుకొనేందుకు చేప దొరకక అది నశిస్తుంది.

చుక్కలకు బదులు బంగారు పొడి అద్దినట్లుంటే అది వేరే జబ్బు. ఈ వైద్యం దానికి పనిచెయ్యదు. ఆలస్యం చెయ్యక మత్స్యశాఖవారికి చూపించండి.

కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచి, ఆ పైన మందలో కలిపే అలవాటు చేసుకుంటే ఇంత పాటు పడనక్కరలేదు. సెలవు.