మాంటెరీలో మూడు దినములు
(సరస్వతీపూజ సందర్భమున అడాజన్‌లో చేసిన ప్రసంగ పాఠము)



నవరాత్రులలో అడాజన్ వీథులయందు గర్బా పాటకు ఎలక్ట్రిక్ గిటారు తోడగుట నేడు వింత కాదు. అవే దినములలో తెలుగువారు వీణను పీటపై నుంచి పసుపు కుంకుమలతో అర్చింతురు. వాద్యమును గూర్చిన ఈ రెండు దృష్టులును ఒకే వేదికపై ఎదురుపడినది 1967లో, అమెరికాలోని మాంటెరీ పట్టణమున.

ఆ యేడు జూన్ 16 శుక్రవారము మొదలు 18 ఆదివారము వరకు రాక్, బ్లూస్, సోల్, జాజ్ బాణీలన్నియు అచట కలిసి మ్రోగినవి. కళాకారులు ధర్మార్థమై ప్రతిఫలము లేకయే పాడిరి. పండిత రవిశంకరునకు మాత్రము మూడువేల డాలర్లు ముట్టినవి. ముందే ఒప్పందము జరిగియుండుట మేలైనది! ఆయన 1949 నుండి 1956 వరకు ఢిల్లీ ఆకాశవాణిలో కొలువు చేసినవాడు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఒక విధముగా సహోద్యోగియే.

ఆదివారము మధ్యాహ్నము అల్లా రఖా తబలాతో, కమలా చక్రవర్తి తంబురాతో ఆయన సితారు నందుకొనెను. రాగము మెల్లమెల్లగా విప్పారుచుండ, హోరునకు అలవడిన యువజనము గంటల తరబడి శ్రద్ధతో వినెను. ఆ మూడు దినములలో అన్నిటికంటె సాహసమైన ప్రయోగము ఇదియే యనవలెను.

ఆ రాత్రియే 'ది హూ' బృందము గిటారును నేలకు కొట్టి విరుగగొట్టెను. పిదప జిమీ హెండ్రిక్స్ తన గిటారునకు నిప్పంటించెను. ప్రేమించిన వస్తువునే బలి యిచ్చుట యని హెండ్రిక్స్ భావము. అతని ప్రతిభను మెచ్చిన రవిశంకరుడు మాత్రము ఆ మంటను చూచి మిక్కిలి నొచ్చుకొనెను.

1968లో పెన్నెబేకర్ విడుదల చేసిన ఉత్సవ చలనచిత్రములో క్రమము తారుమారైనది. అందు మంట ముందు వచ్చును. చిట్టచివర వినవచ్చునది సితారు.