పెరుగుదలను కొలిచేది ఎవరు?

(చర్లలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వ్యవసాయ, అటవీ పరిశోధనల గురించి మాట్లాడమన్నారు. అది శాస్త్రవేత్తల వ్యవహారం, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని ఒక పక్క గోదావరి, ఇంకో పక్క ఛత్తీస్‌గఢ్ అడవి ఉన్న చర్ల లాంటి చోట ఏ నేలలో ఏ మొక్క పెరగాలన్నది చాలాసార్లు పరిశోధన చెప్పిన మాటను బట్టే నిర్ణయమవుతుంది. స్త్రీకి దొరికే తిండి, కూలి, భూమి హక్కు ఆ నిర్ణయం మీద ఆధారపడతాయి. అందుకే మనం అడగాలి: పెరుగుదల అంటే ఏమిటి? దాన్ని కొలిచేది ఎవరు?

మనకు దగ్గర్లోనే సారపాక ఉంది. అక్కడి ఐటిసి భద్రాచలం పేపర్‌బోర్డ్స్ 1989లో జామాయిల్ క్లోన్ల మీద పరిశోధన మొదలుపెట్టింది. బాగా ఎదిగిన చెట్లను ఏరి, వాటి కొమ్మల నుంచి అచ్చం అలాంటి మొక్కలనే తయారుచేశారు. విత్తనంతో పెంచిన తోటల కంటే ఇవి రెట్టింపుకు పైగా కలప ఇచ్చాయి. భద్రాచలం క్లోన్లకు దేశమంతటా పేరొచ్చింది. ఆ పరిశోధన అబద్ధమని నేను అనడం లేదు. అడిగిన ప్రశ్నకు అది సరైన జవాబే చెప్పింది. ప్రశ్నే ఇరుకైనది. మాను ఎత్తు, చుట్టుకొలత, ఎకరాకు ఎన్ని టన్నులు అన్నవి కొలిచారు. జొన్న చేలో కలుపు తీత నుంచి కోత దాకా స్త్రీకి పని ఉంటుంది. జామాయిల్ తోటలో మొక్క నాటిన తర్వాత నాలుగైదేళ్ళకు నరుకుడే, ఆ నరుకుడు కూలి ఎక్కువగా మగవాళ్ళది. కలప డబ్బు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళ చేతికి పోతుంది. పోయిన కూలి రోజులు టన్నుల లెక్కలో కనిపించవు.

ఇప్ప చెట్టు పూతకు రావడానికి దాదాపు పదేళ్ళు పడుతుంది. కాగితం లెక్కలో అది సోమరి చెట్టు. కాని ఒకసారి పూయడం మొదలుపెడితే తరాల పాటు పూస్తుంది. వేసవిలో పువ్వు, తర్వాత గింజ, గింజ నుంచి నూనె. పోడు కొట్టేటప్పుడు కూడా కోయలు ఇప్ప చెట్టును నరక్కుండా వదిలేది అందుకే. ఇదీ ఒక కొలతే. అది ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

పరిశోధన అంతా మనకు ఎదురని కూడా అనుకోవద్దు. పోడులో జొన్న, కంది, బొబ్బర్లు, అనుములు కలిపి చల్లితే వెనుకటి తరం అధికారులు వెనుకబాటుతనం అన్నారు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్‌లో రావు, విల్లీ అనే శాస్త్రవేత్తలు జొన్న, కంది కలిపి వేసిన 94 ప్రయోగాల ఫలితాలను కలిపి చూశారు. 1980లో అచ్చయిన ఆ లెక్క ఏం చెప్పిందంటే, ఆదాయం ఒక ప్రమాదకరమైన స్థాయి కంటే కిందికి పడిపోవడం ఒక్క కందే వేస్తే అయిదేళ్ళకొకసారి, ఒక్క జొన్నే వేస్తే ఎనిమిదేళ్ళకొకసారి, రెండూ కలిపి వేస్తే 36 ఏళ్ళకొకసారి. ఏడాది పొడుగునా గాదె చూసుకుంటూ ఇల్లు నడిపే ఆడమనిషికి ఏ సంఖ్య ముఖ్యం? అన్నిటికంటే ఎక్కువ పండిన ఏడు కాదు. ఏమీ పండని ఏడు ఎన్నిసార్లు వస్తుందన్నదే ముఖ్యం. ప్రశ్న మారితే శాస్త్రం చెప్పే జవాబు మారుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

రెండో రకం పరిశోధన మనుషుల అభిప్రాయాల మీద. పర్యావరణం పట్ల గిరిజనుల వైఖరి ఏమిటని కాగితాలు పట్టుకుని వస్తారు. ఇంటి యజమానిని పిలవమంటారు. యజమాని అంటే మగవాడే అనుకుంటారు. అడవిని కాపాడాలా అని అడుగుతారు. కాపాడొద్దని ఎవరంటారు?

ఇప్ప పువ్వు ఏరేముందు చెట్టు కింద ఆకులు తగలబెడతారు, ఆ నిప్పు ఒక్కోసారి అడవికి అంటుకుంటుంది. సర్వేలో దీన్ని 'అవగాహన లేమి' అని రాసుకుంటారు. చీపురుతో చిమ్మితే నిప్పు అక్కర లేదు. మరి తెల్లవారుజామున నాలుగైదు చెట్ల కింద చిమ్మేది ఎవరు? నీళ్ళు తెచ్చి, వంట చేసి, పిల్లను చంకనేసుకుని వచ్చిన ఆడమనిషే. కింద పరవడానికి వలలు ఇవ్వండి, పువ్వుకు సరైన ధర ఇవ్వండి, అప్పుడు వైఖరి గురించి అడగండి. చాలాచోట్ల వైఖరి అని రాసుకున్నది నిజానికి శ్రమ భారం.

ఏ ప్రశ్నాపత్రంలోనూ లేని వైఖరి కూడా ఉంది. విత్తనాల పండుగ చేయనిదే విత్తు వేయకపోవడం, కొత్తల పండుగ కానిదే కొత్త చిక్కుడు నోట పెట్టకపోవడం. కాయ ముదిరి విత్తనం నిలిచే దాకా ఆగే కట్టుబాటు అది.

ఇదంతా హక్కుకు ఎలా సంబంధం? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగు భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఒంటరి స్త్రీ ఇల్లు నడుపుతుంటే ఆమె పేరునే ఉండాలి. తునికాకు, ఇప్ప పువ్వు లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం సేకరించే వాళ్ళది. గ్రామసభ కోరంలో కనీసం మూడో వంతు స్త్రీలుండాలి. సాక్ష్యంగా పెద్దల వాంగ్మూలం పనికొస్తుంది. పేరున్న సంస్థలు ఆచార వ్యవహారాల మీద చేసిన అధ్యయనాలు కూడా పనికొస్తాయని ఆ చట్టం నియమాల్లో 13వది చెబుతుంది. అంటే పరిశోధకుడు మన దగ్గర ఏది అడిగి రాసుకున్నాడన్నది రేపు మన భూమికి సాక్ష్యం. అతను రాయనిది లేనట్టే లెక్క.

2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం దాదాపు లక్షా యాభై వేల మందికి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. మీ ఊళ్ళో వచ్చిన పట్టాలు తెరిచి చూడండి. భార్య పేరుందా? 2005 తర్వాత సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయల సంగతి ఇంకా కష్టం. 2005 డిసెంబరు 13కు ముందు ఇక్కడ లేరు, తెలంగాణలో గిరిజన గుర్తింపు లేదు. వాళ్ళ ఆడవాళ్ళు ఏ లెక్కలోనూ లేరు. వాళ్ళను వదిలేసి మన హక్కుల మాట పూర్తి కాదు.

కాబట్టి కార్యకర్తలకు నేను చెప్పేది ఇది. పరిశోధన చేస్తామని ఎవరొచ్చినా మూడు మాటలు అడగండి: ఇందులో ఆడవాళ్ళను విడిగా అడుగుతారా? దిగుబడితో పాటు కూలి రోజులు, తిండి, మేత, పువ్వు, ఆకు కొలుస్తారా? రాసినదాన్ని గ్రామసభలో మా భాషలో చదివి వినిపిస్తారా? ఒప్పుకోకపోతే వివరాలు ఇవ్వనక్కర లేదు.

మన సంఘాలు కూడా ఒక నోటుపుస్తకం పెట్టాలి. తునికాకు యాభై ఆకుల కట్ట చొప్పున, వెయ్యి కట్టలు ఒక బ్యాగు చొప్పున ఏళ్ళ తరబడి లెక్క తప్పకుండా కట్టిన వేళ్ళు మనవి. ఏ చెట్టు ఎవరు ఏరుకుంటున్నారు, ఏ చేలో ఎన్ని రకాలు వేశారు, ఎన్ని నెలలు తిండి వచ్చింది అన్నది ఆ వేళ్ళు రాయలేవా? చదువు రాని చోట చదివే పిల్లలు రాస్తారు. పెద్దవాళ్ళు చెప్పినదాన్ని గ్రామసభ తీర్మానంలోకి ఎక్కించండి. వచ్చే తునికాకు సీజనులోపు ఒక్కో సంఘం ఒక్కో ఊళ్ళో ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.