ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు

ఈవేళ సినిమా పాటల గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. అన్ని పాటల గురించీ కాదు లెండి. సినిమా రావడానికి నెలల ముందే, మిగతా పాటలన్నిటికన్నా ముందుగా బయటికి వదులుతారే, ఆ ఒక్క పాట గురించి.

మన చిన్నప్పుడు ఈ పద్ధతి లేదు. కాసెట్టు కొంటే అయిదారు పాటలూ ఒక్కసారే ఇంటికొచ్చేవి. నచ్చని పాట వచ్చినా, చేతి కింద కూర వదిలేసి దాన్ని దాటించడానికి ఎవరు లేస్తారు చెప్పండి? అలా విధిలేక విన్న పాటే నెల తిరిగేసరికి నోట్లో ఆడేది. బాలుగారి పాటలు ఎన్నో మనకి అలా వంటపట్టినవే.

ఇప్పుడు పాటలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. మొదటిది విని పిల్లలు తీర్పు చెప్పేస్తున్నారు, "ఈ సినిమాలో పాటలు బాగలేవమ్మా" అని. తక్కినవి ఇంకా పుట్టనే లేదు! మొదటి పాట తనొక్కదాని మంచిచెడ్డలే చెప్పుకోదు, వెనక వచ్చేవాటిని ఎలా వినాలో కూడా మన చెవికి నేర్పిపోతుంది. అందుకే దాన్ని ఎంచడం చిన్న పని కాదు.

'పుష్ప' సంగతే చూడండి. 2021 ఆగస్టులో ముందుగా వదిలింది 'దాక్కో దాక్కో మేక'. ఒకదాన్నొకటి తిని బతికే లోకం గురించి చంద్రబోస్ గారు రాసిన మోటు పాట. 'శ్రీవల్లి' అక్టోబరులో గానీ రాలేదు. ఆ మెత్తని పాటే ముందొచ్చి ఉంటే, ఇదేదో ప్రేమకథ కాబోలు అనుకుని కూర్చునేవాళ్లం. అడవి మోటుదనం ముందు చెవినపడింది కనుకనే, ఆ మొరటు మనిషి నోట 'శ్రీవల్లి' అంత ముద్దుగా వినిపించింది. దేవిశ్రీ ప్రసాద్ గారు కట్టిన వరసలు బాగున్నాయి, నిజమే. వాటిని వదిలిన వరసా బాగుందని నేనంటాను.

'ఆర్ ఆర్ ఆర్'కి మరోలా జరిగింది. అదే 2021 ఆగస్టు 1న, స్నేహితుల దినం చూసుకుని 'దోస్తీ' వదిలారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి రచన, హేమచంద్ర గళం. నిప్పూ నీరూ లాంటి ఇద్దరి స్నేహం ఎటు పోతుందోనన్న భయమంతా అందులో ఉంది. కథకి అసలు తాళంచెవి అదే. నవంబరులో 'నాటు నాటు' వచ్చింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, అది 2023 మార్చిలో ఆస్కారు దాకా పోయింది. ఆ పాట వచ్చిన 2021 నవంబరు 30నే శాస్త్రిగారు కన్నుమూశారు. 'నాటు నాటు'కి గంతులేసిన పిల్లల్ని 'దోస్తీ'లో ఒక్క చరణం పాడమనండి, మొహమొహాలు చూసుకుంటారు. నాకు బాధనిపించేది అక్కడే.

ఇది మన ఒక్కరి సంగతీ కాదు. పింక్ ఫ్లాయిడ్ అని ఇంగ్లండులో ఒక రాక్ బృందం ఉండేది. పదేళ్లపాటు తమ దేశంలో విడిపాటల రికార్డు వేయనివాళ్లు, 1979 నవంబరులో 'ది వాల్' ఆల్బమ్ కోసం ఒక పాట ముందుగా వదిలారు. బడిపిల్లలు కోరస్‌గా, మాకీ చదువొద్దని పాడే పాట. అడుగు కదిపించే తాళం. క్రిస్మస్ నాటికి అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన పాట అదే. ఆల్బమ్ కొనుక్కున్నవాళ్లకి ఇంట్లో ఎదురైందేమిటి? రెండు రికార్డుల నిడివినా, తన చుట్టూ తానే గోడ కట్టుకున్న ఒంటరివాడి కథ! ఆ గోడలో ఒక ఇటుక మాత్రమే ఆ పిల్లల పాట. ఆల్బమ్ బ్రహ్మాండంగా అమ్ముడైంది గానీ, ఈనాటికీ దాని పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది బడిపిల్లల గొంతులే.

మొదటి పాటే మంచి పాటైనప్పుడు పేచీ లేదు. 2019లో 'అల వైకుంఠపురములో'కి ముందుగా వచ్చిన 'సామజవరగమన' అలాంటిదే. ఆ పేరు త్యాగయ్యగారి హిందోళ రాగ కీర్తనది. 'శంకరాభరణం'లో బాలుగారూ జానకమ్మగారూ ఆ మాటతోనే పాడారు. మా ఇంట్లో పిల్లలు అది సిద్ శ్రీరామ్ సొంత సొత్తనుకున్నారు. పాత పాట పెట్టి వినిపిస్తే, "ఇదెప్పుడు రిలీజైంది?" అన్నారు.

మన చేపల పులుసు వండిన పూటకన్నా మర్నాడు రుచి. కొన్ని పాటలూ అంతే. ఈసారి కొత్త సినిమా పాటలన్నీ వచ్చాక, ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటిదాన్ని పక్కనపెట్టి, చివరినుంచి వినడం మొదలుపెట్టి చూడండి. ఏది నచ్చిందో మాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.