కాపడము, చన్నీరు, ఎండ

నేను వైద్యుడను కాను. 35 సంవత్సరములు పిల్లలకు వ్యాకరణమును, కావ్యములను బోధించి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను. అయినను వేడిమి, చల్లదనము, వెలుతురు అను మూడింటిని గూర్చి మాటలాడుటకు నాకొక యధికారము కలదు. అది నా యెడమ పాదము మీది మచ్చ.

రెండేండ్ల క్రిందటి ధనుర్మాసములో నొకనాటి రాత్రి పాదములు తిమ్మిరులెక్కి నిదురపట్టలేదు. ఇటుకను పొయ్యిలో కాచి, గుడ్డ చుట్టి తెమ్మని నా సహధర్మచారిణిని కోరితిని. ఆమె తెచ్చి, “అంత వేడి వలదండీ, నాకు చేయి చురుక్కుమన్నది” అనెను. “నాకు గోరువెచ్చగా నైనను లేదు” అని గద్దించి, దానిపై పాదములుంచి నిదురించితిని. తెల్లవారి చూచుకొనగా మడమ ప్రక్క పెద్ద బొబ్బ. నాకు పండ్రెండేండ్లుగా మధుమేహము కలదు. ఆ వ్యాధి ముదిరినకొలది పాదములలోని నరములు మొద్దుబారును; చర్మము కాలుచున్నను మనసునకు వార్త చేరదు. ఆ పుండు మానుటకు నాలుగు మాసములు పట్టినది. ఒకానొక దశలో వ్రేలు తీయవలసివచ్చునేమో యని కూడ వైద్యులు సందేహించిరి.

ఇందు నన్ను మిక్కిలి సిగ్గుపరచిన విషయము వేరొకటి కలదు. చరకసంహిత సూత్రస్థానమున 14వ అధ్యాయము స్వేదమును గూర్చినది. అందు అగ్నితో గూడిన స్వేదవిధములు 13 చెప్పబడినవి. చిన్ననాట గురువుగారి యెదుట వానిని వరుసగా నప్పగించి మెప్పు పొందితిని. స్వేదమునకు తగనివారి పట్టికయు నా యధ్యాయముననే కలదు. గర్భిణులతోపాటు మధుమేహులను గూడ అందు చేర్చినారు. ఆ పట్టికయు నాకు కంఠస్థమే. నోటికి వచ్చినది బుద్ధికి రాలేదు.

ఇక చల్లదనము. మా పాఠశాలలో చెడుగుడు ఆడు పిల్లవానికి చీలమండ బెణికిన వెంటనే ఆముదము రాచి, ఉప్పుమూటతో కాపడము పెట్టించెడివాడను. పాపము, వాపు మరింత పెరిగి వాడు కుంటుచు నింటికి పోయెడివాడు. క్రొత్తగా తగిలిన దెబ్బలో సన్నని రక్తనాళములు చిట్లి, లోపల నీరు, నెత్తురు చేరుచుండును. వేడి తగిలిన నా నాళములు వెడల్పగును, చల్లదనమునకు ముడుచుకొనును. కావున మొదటి రెండు మూడు దినములు మంచుగడ్డను గుడ్డలో చుట్టి, 15 నిమిషములకు మించకుండ, దినమునకు నాలుగైదు మారులు పెట్టవలెను. మంచు దొరకనిచో కుండనీటిలో తడిపిన గుడ్డ చాలును. వాపు తీసిన పిదప బిగుసుకొన్న కండకు కాపడము మేలు చేయును. కదలలేకున్నను, కాలు మోపలేకున్నను ఎముకను పరీక్షింపించుకొనవలెను.

నిప్పు గాని, కాగిన నూనె గాని తగిలినచో పసుపు, సిరా, పండ్లపొడి మెత్తుట మన యిండ్లలో నింకను పోలేదు. 20 నిమిషములు చల్లని నీటి ధార క్రింద నుంచుటకు మించిన ప్రథమ చికిత్స లేదు. అచ్చట మాత్రము మంచుగడ్డ పనికిరాదు.

రోహిణీ కార్తెలో వడదెబ్బ తగిలినవాని యొడలు సలసల కాగుచు, మాటలు తడబడినచో, అది ప్రాణముమీది పని. బండి వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండక, నీడకు చేర్చి, ఒడలంతయు తడిపి, విసనకఱ్ఱతో విసరుచుండవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

వెలుతురు సంగతి. డెన్మార్కు దేశపు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్, తీవ్రమైన దీపకాంతితో చర్మమునకు వచ్చు క్షయను కుదిర్చి, 1903లో నోబెల్ బహుమానము నందెను. నేడు క్షయకు మందులున్నవి. ఎండను నమ్మి వానిని మానరాదు. మనకు నిత్యము ఎండతో గల పని ఎముకలకు సంబంధించినది. చర్మముపై ఎండ పడినపుడు ‘డి’ విటమిను పుట్టును. ప్రాతఃకాలపు లేత యెండ హాయిదే, రాత్రి నిదురను గూడ చక్కబరచును. కాని విటమినును పుట్టించు కిరణము లందు మిక్కిలి తక్కువ. మన నీడ మన యెత్తుకంటె పొట్టిగా నున్నప్పుడే యవి తగినంతగా నేలకు దిగును. గాజు తలుపుల వెనుక కూర్చున్నను అవి రావు. చలికాలమున నట్టివేళ చేతులు, కాళ్లు కొంతసేపు ఎండకు చూపుట మంచిది. వేసవిలో ఆ వేళ ఎక్కువసేపు నిలువరాదు. సూర్యుని తేరిపార చూచుట కన్నులకు చేటు. పురిటిబిడ్డకు కామెర్లు కనబడినచో ఎండలో పరుండబెట్టి కాలయాపన చేయక వైద్యశాలకు కొనిపోవలెను. అచ్చట నీలికాంతి దీపముల క్రింద నుంచుదురు.

ఈ మూడింటిని నేను కూర్చుకొన్న విధము నిది. ఉదయము మోకాళ్లకు మాత్రము వేడినీటి గుడ్డతో పది నిమిషములు కాపడము. కీళ్లు కొంచెము సడలిన పిదప చెప్పులు తొడుగుకొని, చెరువుగట్టుపై ఎండలో నడక. తిరిగి వచ్చినపుడు మోకాలు ఉబ్బియున్నచో తడిగుడ్డ పట్టి. పాదములకు వేడి సోకనీయను. రాత్రివేళ మేజోళ్లు తొడుగుకొందును. ఆ కాపడపు గుడ్డయైనను మొదట నా సహధర్మచారిణి మోచేతికి తాకిన పిమ్మటనే నా మోకాలికి వచ్చును. ఆమె “వలదు” అన్ననాడు లేదు.