ముప్ఫై మందికి సరిపడే గుడి



ఎవరి స్మృతిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ మాస్టారు జీవితమంతా శాసనాలు చదివారు. రాజుగారి ప్రశస్తి అయిపోయి, దీపానికి నూనె ఇచ్చిన తెలికివారి పేర్లు మొదలయ్యేసరికి ఆయనకు అసలు చరిత్ర మొదలైనట్టుండేది. అందుకే ఇవాళ, గ్రంథమంటూ ఏదీ మిగల్చకుండా గదులు, రాళ్లు, పేర్లు మాత్రమే వదిలివెళ్లిన ఒక ఆరాధన గురించి చెప్పదలచాను. అది రోమన్ సామ్రాజ్యంలో క్రీ.శ. 1వ శతాబ్ది చివర మొదలై మూడు వందల ఏళ్ల పాటు నడిచిన మిత్రాస్ ఆరాధన.

రోములో కొలోసియానికి దగ్గర్లో శాన్ క్లెమెంతే చర్చి ఉంది. ఇప్పుడు ప్రార్థనలు జరిగే కట్టడం 12వ శతాబ్దిది. 1857లో జోసెఫ్ ములూలీ అనే ఐరిష్ పాదిరీ దాని కింద తవ్వించడం మొదలుపెడితే 4వ శతాబ్దపు చర్చి బయటపడింది. దానికీ అడుగున ఇంకో అంతస్తు ఉంది. అక్కడ 1వ శతాబ్దపు గోడలు, వాటి మధ్య మిత్రాస్ గుడి. గది పొడవు సుమారు పది మీటర్లు, వెడల్పు ఆరు. కప్పు గుహలా వంపు తిరిగి ఉంటుంది. రెండు గోడల వెంబడి అరుగులు, మధ్యలో నడవ, నడవలో బలిపీఠం.

బ్రిటన్ నుంచి సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న దూరా యూరోపోస్ దాకా ఇదే నమూనా. అన్నీ నేలమాళిగలు కావు. కొన్ని ఇళ్లలోని వెనకగదులు, కొన్ని సగం నేలలోకి దించి కట్టినవి. గుహ దొరకని చోట గుహను కట్టుకున్నారు. ఎందుకంటే ఆ గుహ ఈ విశ్వానికి ప్రతిరూపమని 3వ శతాబ్దపు తత్త్వవేత్త పోర్ఫిరీ రాశాడు.

లోపల గోడకు ఉండే శిల్పం కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే. మిత్రాస్ ఎద్దు వీపు మీద మోకాలు ఆన్చి, ఎడమచేత్తో దాని ముట్టె పట్టి తల వెనక్కి లాగుతాడు. కుడిచేతిలోని కత్తి ఎద్దు మెడ దగ్గర దిగి ఉంటుంది. చూపు మాత్రం ఎద్దు మీద ఉండదు, తల పక్కకు తిప్పుకుంటాడు. కుక్క, పాము నెత్తురు కోసం ఎగబడతాయి. తేలు ఎద్దు వృషణాలను పట్టుకుంటుంది. ఎద్దు తోక చివర గోధుమ వెన్నులు మొలుస్తాయి. రెండు పక్కలా దివిటీలు పట్టుకున్న ఇద్దరు యువకులు, ఒకడిది పైకి, ఇంకొకడిది కిందికి. ఎద్దు, కుక్క, పాము, తేలు, శిల్పంలోనే ఉండే కాకి అన్నీ నక్షత్ర మండలాలేనని, ఇది ఆకాశపటమని వాదించే పండితులున్నారు. ఆ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం. ఆ తోక చివరి వెన్నులు మాత్రం నాకు అంతకంటే ముఖ్యం. ఆ చావులోంచి పంట పుడుతోంది.

సంధ్యావందనంలో మిత్రుణ్ణి స్మరించేవారికి ఈ పేరు వినగానే మన దేవుడే అక్కడికి వెళ్లాడనిపిస్తుంది. 19వ శతాబ్ది చివర బెల్జియన్ పండితుడు ఫ్రాంజ్ క్యూమోఁ కూడా ఇది ఇరాన్ నుంచి నడిచివచ్చిన మతమేనన్నాడు. 1971లో మాంచెస్టర్‌లో జరిగిన మిత్రాస్ అధ్యయనాల సదస్సు నుంచి ఆ అభిప్రాయం సడలింది. పేరు తూర్పుదే, సందేహం లేదు. కానీ ఎద్దును చంపే మిత్రుడు వేదంలోనూ లేడు, ఇరానీయుల అవెస్తాలోనూ లేడు. గుహగుడి, అరుగులు, ఆ శిల్పం రోమన్లు కల్పించుకున్నవే.

దీక్షలో ఏడు మెట్లు. ఓస్తియా రేవుపట్నంలో ఫెలిచిస్సిముస్ గుడి నేల మీద నలుపు తెలుపు మొజాయిక్‌లో వాటి గుర్తులు వరసగా పరచి ఉన్నాయి. మొదటిది కాకి, నాలుగోది సింహం, ఏడోది తండ్రి. సింహదీక్ష తీసుకునేవాడి చేతులు నీళ్లతో కడగరు, తేనెతో కడుగుతారు. సింహానిది అగ్నితత్త్వం, అగ్నికి నీళ్లు పడవని కారణం. ఇదీ పోర్ఫిరీ చెప్పిందే.

అరుగుల మీద ఎవరు కూర్చున్నారు? సైనికులు, సుంకం వసూలు చేసే ఉద్యోగులు, బానిసలు, విముక్తి పొందిన బానిసలు. ఇవాళ ఆస్ట్రియాలో ఉన్న వీరూనుం పట్టణంలో ఒక కంచురేకు దొరికింది. క్రీ.శ. 183లో గుడిని సొంత ఖర్చుతో బాగుచేయించుకున్న 34 మంది పేర్లు దాని మీద చెక్కారు. మరుసటి ఏడాది మరణాల కారణంగా సమావేశమయ్యారని అందులోనే ఉంది. అప్పట్లో సామ్రాజ్యమంతటా మహమ్మారి. పోయినవారి పేర్ల పక్కన గుర్తు పెట్టారు. తరవాత ఏటా కొన్ని పేర్లు చేర్చుకుంటూ పోయారు, మొత్తం 98 అయ్యాయి. సుమారు రెండు దశాబ్దాల్లో ఒక గుడికి వచ్చిన జనమంతా అంతే. ఒక్క ఆడమనిషి పేరు లేదు.

క్రైస్తవం ఎదుగుదల ఆగిపోయి ఉంటే ప్రపంచం మిత్రాస్‌ను కొలిచేదని ఫ్రెంచ్ పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ రాశాడు. ఇప్పటికీ ఆ మాట తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఓస్తియాలో పదిహేనుకు పైగా గుళ్లు బయటపడ్డాయి, పెద్దది ఒక్కటీ లేదు. చాలా గదుల్లో ముప్ఫై నలభై మంది పంక్తిలో కూర్చుని భోంచేయగలరు, అంతే. మనుషులు పెరిగితే ఇంకో గది కట్టుకున్నారు గాని గదిని పెంచలేదు. అందరికీ చెప్పాలన్న ఆరాటం వీళ్లకు లేదు. పక్కవాడు ఎవరో తెలిసిన పంక్తి కావాలి. బానిస, అధికారి ఒకే అరుగు మీద ఆనుకుని తినే చోటు అది, ఆ సమాజంలో అలాంటివి ఎక్కువ లేవు. దాన్ని ఓడిపోయిన ప్రపంచమతంగా చూస్తే ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే.

మరి ఈ ఆరాధన ఎలా ముగిసింది? 308లో, ఇవాళ ఆస్ట్రియాలోనే ఉన్న కార్నుంతుంలో కలుసుకున్న చక్రవర్తులు అక్కడి మిత్రాస్ గుడిని బాగుచేయించారు. డెబ్భై ఏళ్లు తిరక్కముందే రోము నగరాధికారి గ్రాక్కుస్ ఒక మిత్రాస్ గుహను ధ్వంసం చేయించాడు. సాంతా ప్రిస్కా చర్చి కింది గుడిలో కుడ్యచిత్రాల ముఖాలను గొడ్డలితో చెక్కేశారు. అయితే అన్నిచోట్లా ఇలా జరగలేదు, దాడి ఆనవాళ్లే లేని గుళ్లూ ఉన్నాయి. సైనికదళం వేరే సరిహద్దుకు మారితే, దీక్ష ఇచ్చే తండ్రి పోతే, ఖర్చు పెట్టుకునే అధికారి బాప్తిస్మం తీసుకుంటే ఆ గది మూతపడుతుంది. పైనుంచి ఆదుకోవడానికి వీళ్లకు బిషప్పులు లేరు. ఆడవాళ్లను గడప తొక్కనివ్వలేదు కాబట్టి, తల్లి నుంచి బిడ్డకు అందే దారి మొదటినుంచీ లేదు.