ఫోను మ్రోగినప్పుడు యాపునకు తెలియునదేమి?
(పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



మన పిల్లలు పలువురు తల్లిదండ్రుల ఫోనులలో పాఠములు వినుచున్నారు. నడుమ ఎవరైన పిలిచినచో పాఠము తనంతట తాను నిలిచిపోవును. యాపునకు ఈ సంగతి ఎట్లు తెలిసినదని మీలో కొందరు అడుగుచున్నారు. అది అడుగవలసిన ప్రశ్నయే.

ఆండ్రాయిడు ఫోనులో పిలుపునకు మూడు స్థితులు కలవు. ఏ పిలుపును లేనప్పుడు ‘ఐడిల్’, మ్రోగుచున్నప్పుడు ‘రింగింగ్’, ఎత్తి మాటలాడునప్పుడు ‘ఆఫ్‌హుక్’. పూర్వపు టెలిఫోనులో రిసీవరును కొక్కెమునుండి తీయుటచే ఈ మూడవ పేరు వచ్చినది. పిలుపు ముగిసినదని చెప్పు నాలుగవ స్థితి లేదు. కావున యాపు వెనుకటి స్థితిని జ్ఞాపకముంచుకొనవలెను. రింగింగ్ నుండి నేరుగా ఐడిల్ అయినచో ఎవరును ఎత్తలేదనియు, నడుమ ఆఫ్‌హుక్ వచ్చినచో మాటలు జరిగి ముగిసినవనియు గ్రహించును.

స్థితి తెలియుట వేరు, పిలిచినదెవరో తెలియుట వేరు. 2018లో వచ్చిన ఆండ్రాయిడు 9 మొదలు, పిలిచినవారి నంబరు చూడదలచిన యాపు ఫోను అనుమతితోపాటు పిలుపుల పట్టికకు, అనగా కాల్ లాగ్‌నకు, వేరుగా అనుమతి కోరవలెను.

పాఠమును ఆపుటకు ఈ రెండును అక్కరలేదు. ఫోను మ్రోగినప్పుడు ‘నీ శబ్దమును నిలుపుము’ అని ఫోనే యాపునకు తెలుపును. దీనిని ఆడియో ఫోకస్ అందురు. దీనికి మీ అనుమతితో పనిలేదు.

కావున పిల్లల పాఠపు యాపు కాల్ లాగ్ చూతునని అడిగినచో, ఎందులకని మీరు ఆలోచింపుడు. కారణము తోచనిచో నిరాకరింపుడు. ఇదివరకే ఇచ్చియున్నను, సెట్టింగులలో ఆ అనుమతిని తీసివేయవచ్చును.

మన ఇండ్లలో వేరొక చిక్కు కలదు. ఆంగ్లమున కనబడు ప్రశ్నను తల్లి బిడ్డచేత చదివించుకొనును. పాఠము త్వరగా తెరువవలెనను బిడ్డ ‘అనుమతించు’ అని తానే నొక్కును. ఫోను భాషను తెలుగునకు మార్చినచో ఆండ్రాయిడు ఆ ప్రశ్నను తెలుగుననే అడుగును. 2023నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి కోరు మాటలను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకొను వీలుండవలెననియు, పదునెనిమిదేండ్లు నిండని వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి వలయుననియు విధించినది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే.

మన రాష్ట్రము వేరైనను, మన ఇంటి సమ్మతి మనకు తెలిసిన భాషలో జరుగవలెను. చదివిన పిదపనే నొక్కుడని నా మనవి.