ఈ డిసెంబర్‌లో ఇంటికి ఒక కథ పంపండి

 

పోయిన ఆదివారం క్యాంపులో మన కలయికలో నేను మాట్లాడింది గ్రూపులో కూడా పెట్టమని సంఘం వాళ్ళు అడిగారు. డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఆ రోజు మాట్లాడింది గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతి, తప్పులుంటే సర్దుకోండి. పొద్దున్నే సైటులో టూల్‌బాక్స్ మీటింగ్‌లో అరవడమే గాని మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు.

క్రిస్మస్‌కి ఇంటికి ఏం పంపాలి అన్నదే నేను చెప్పేది. కార్గో గురించి కాదు, కథ గురించి.

2009 గుర్తున్నవాళ్ళు మీలో కొందరున్నారు. దుబాయిలో పనులు ఆగిపోయి, ఎక్కడి క్రేన్లు అక్కడే నిలబడిపోయిన ఏడాది. అప్పుడు నేను షట్టరింగ్ కార్పెంటర్‌ని. మా కంపెనీలో మూడు నెలలు జీతం లేదు. ఇక్కడ మెస్సు బాకీ, ఊళ్ళో వీసాకి తెచ్చిన అప్పు మీద వడ్డీ. ఇంతలో డిసెంబర్ వచ్చింది. మా పెద్దమ్మాయికి అప్పుడు అయిదేళ్ళు. ముందు ఏడు గౌనూ చాక్లెట్లూ పంపాను. ఈసారి ఏం పంపుతున్నావు నాన్నా అని అడిగితే ఏం చెప్పాలి? ఆ భయంతో రెండు వారాలు ఇంటికి ఫోనే చెయ్యలేదు. సిగ్గు కూడా అనుకోండి. మగాళ్ళం కదా, డబ్బు లేనప్పుడు గొంతు కూడా దాచేసుకుంటాం.

మా ఆవిడ మా ఊరి కుర్రాడి చేత కబురు పెట్టించింది. "డబ్బు లేకపోతే లేదని చెప్పమను. పిల్ల రోజూ గుమ్మంలో కూర్చుంటోంది. ఏదో ఒకటి మాట్లాడమను" అని.

ఏదో ఒకటి అంటే ఏం మాట్లాడను? నా పెట్టెలో పాస్‌పోర్టు జిరాక్సుల కింద ఒక పుస్తకం ఉంది. తొమ్మిదో తరగతిలో ఉండగా సండే స్కూల్లో బహుమతిగా ఇచ్చిన కథల పుస్తకం. అట్ట ఊడిపోయింది, మొదటి నాలుగు పేజీలు లేవు. అందులో చెప్పులు కుట్టే మార్టిన్ కథ ఉంది. రష్యాలో టాల్‌స్టాయ్ అనే పెద్దాయన 1885లో రాసిన కథ అది. నిజానికి క్రిస్మస్ రోజు జరిగే కథ కాదు గాని, మా ఊరి చర్చిలో దాన్ని డిసెంబర్‌లోనే చెప్పేవారు. మా కోనసీమలో స్టార్లు కట్టే రోజుల్లోనే వినేవాళ్ళం కాబట్టి నాకు అది క్రిస్మస్ కథే.

మార్టిన్ ఉండేది నేలకి దిగువగా ఉన్న గదిలో. ఒక్కటే కిటికీ. అందులోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ కాళ్ళు తప్ప మొహాలు కనబడవు. ఆ ఊళ్ళో చాలా జోళ్ళు తను బాగుచేసినవే కాబట్టి, జోడు చూసి మనిషిని చెప్పేస్తాడు. భార్యా పిల్లలూ అందరూ చనిపోయారు. రేపు నీ దగ్గరికి వస్తాను, వీధిలోకి చూస్తూ ఉండు అని ఒక రాత్రి దేవుడి మాట వినబడుతుంది. తెల్లారి పని చేసుకుంటూనే కిటికీలోంచి చూస్తుంటాడు. మంచు ఊడ్చే ముసలాయన వస్తే పిలిచి టీ ఇస్తాడు. చంటిపిల్లతో, వంటి మీద సరైన బట్ట లేకుండా ఒకామె వస్తే తిండి పెడతాడు. ఆపిల్ పళ్ళ ముసలమ్మకీ, పండు దొంగిలించిన కుర్రాడికీ రాజీ చేస్తాడు. చివర ఏమవుతుందో నేను చెప్పను, చదువుకోండి.

మా తాత చెప్పులు కుట్టేవాడు. మా వీధిలో అందరి తాతలూ అంతే. అలాంటి మనిషి పుస్తకంలో ఉంటాడని, దేవుడు వెతుక్కుంటూ వస్తానన్నది అతని దగ్గరికేనని తెలిసినప్పుడు తొమ్మిదో తరగతిలో నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పుస్తకం దుబాయి దాకా మోసుకొచ్చింది అందుకే.

రూములో ఉన్న జగిత్యాల తమ్ముడి దగ్గర ఫోను కార్డు అప్పు తీసుకుని ఇంటికి చేశాను. ఏం పంపుతున్నావు అని పిల్ల అడిగేలోపే కథ మొదలుపెట్టేశాను. సరిగ్గా చంటిపిల్లతో ఆమె కిటికీ ముందుకి వచ్చేసరికి కార్డు అయిపోయింది. మళ్ళీ కార్డు కొనడానికి వారం పట్టింది. ఆ వారం అంతా మా అమ్మాయి వాళ్ళమ్మని ఒకటే అడగడమట, ఆ పాపకి చలి వేస్తోంది కదా, ఎవరైనా దుప్పటి ఇచ్చారా అని. గౌను సంగతి ఎత్తనే లేదు.

ఆ ఏడు క్రిస్మస్ శుక్రవారం వచ్చింది, అప్పట్లో మనకి సెలవు రోజు. పొద్దున్నే మిగతా కథ చెప్పాను. అప్పటినించి ఇది పదహారో డిసెంబర్, ఒక్క ఏడు కూడా మానలేదు.

తర్వాత సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడల్లా విజయవాడ పాత పుస్తకాల కొట్లలో వెతికి ఇంకొన్ని కొన్నాను. మనవాళ్ళకి బాగా నచ్చేది డికెన్స్ రాసిన క్రిస్మస్ కేరల్. 1843 డిసెంబర్‌లో లండన్‌లో అచ్చయింది. అందులో స్క్రూజ్ అనే యజమాని ఉంటాడు. గుమాస్తా చలికి వణుకుతున్నా కుంపట్లోకి ఇంకో బొగ్గు ముక్క వెయ్యనివ్వడు. క్రిస్మస్ రోజు సెలవు ఇవ్వాలంటే ప్రాణం పోయినంత పని. ఇది రూములో చదివితే అందరూ మన పాత ఫోర్‌మన్ పేరు ఎత్తి ఒకటే నవ్వు. ఒక రాత్రి దయ్యాలు వచ్చి స్క్రూజ్‌కి అతని బతుకే చూపిస్తాయి. రాసినాయన కూడా మనలాంటివాడే. అప్పు తీర్చలేక తండ్రి జైల్లో పడితే, పన్నెండేళ్ళ వయసులో బూట్‌పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకి కాగితాలు అంటించాడు. అప్పు అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కథ అయిదు భాగాలుగా ఉంటుంది, రోజుకొక భాగాన్ని కుదించి చెబితే అయిదు రాత్రులకి సరిపోతుంది.

ఇంకొకటి అమెరికా రచయిత ఓ హెన్రీది, 1905లో వచ్చింది. పేద మొగుడూ పెళ్ళాలు. క్రిస్మస్‌కి మొగుడి గడియారానికి గొలుసు కొందామని ఆమె తన జుట్టు అమ్ముకుంటుంది. ఆమె జుట్టుకి దువ్వెనలు కొందామని అతను గడియారం అమ్మేస్తాడు. ఈ కథ నేను 2014లో వాయిస్ మెసేజ్‌లో చదివి పంపాను. పిల్లలు బాగుందన్నారు. మా ఆవిడ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు చెప్పింది. 2009లో వడ్డీ కట్టడానికి తన చెవి దుద్దులు అమ్మేసిందట. అయిదేళ్ళు నాకు తెలీదు. సెలవులో వెళ్ళినప్పుడు చెవులకి గిల్టువి పెట్టుకుని తిరిగింది, నేను కనిపెట్టలేదు. స్లాబులో వెంట్రుకంత పగులు ఉంటే పట్టుకునేవాణ్ణి.

ఆ ఓ హెన్రీ గురించి మా అమ్మాయి నెట్‌లో చూసి ఒక సంగతి చెప్పింది. ఆయన బ్యాంకు డబ్బు కేసులో మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. కూతురికి జైలు సంగతి చెప్పలేదు, పని మీద దూరం వెళ్ళాడని చెప్పారు. ఆ పిల్ల కోసం డబ్బు సంపాదించడానికి జైలు నుంచే కథలు రాసి పత్రికలకి పంపేవాడు. అలా పంపినవాటిలో ఒకటి క్రిస్మస్ మేజోడు కథ, 1899లో అచ్చయింది. నాన్న పని మీద దూరం వెళ్ళాడు అన్న మాట మన ఇళ్ళల్లో రోజూ వినేదే కదా.

ఒక తప్పు కూడా చెప్పాలి. అగ్గిపుల్లలు అమ్మే పిల్ల కథ అని ఆండర్సన్ రాసింది ఉంది. ముందు నేను చదువుకోకుండానే నేరుగా చదివి పంపేశాను. ఆ పిల్ల చలిలో చనిపోతుంది. అప్పటికి మావాడికి ఆరేళ్ళు. రాత్రంతా ఏడ్చాడు, వాళ్ళమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరి పేజీ ముందు చూసుకోండి.

ఎలా పంపాలి అని అడిగారు. ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు గాని వాయిస్ మెసేజ్ వెళ్తుంది. మనం ఎనిమిదిన్నరకి తిని కూర్చునేసరికి అక్కడ పది, పిల్లలు నిద్రపోతారు. అందుకని ఇవాళ రాత్రి చదివి పంపితే రేపు సాయంత్రం వాళ్ళు వింటారు. అయిదు నిమిషాలు మించొద్దు. నేను క్యాంపు మెట్ల మీద కూర్చుని చదువుతాను, వెనకాల జనరేటర్ మోత వస్తుంది. మావాడు చిన్నప్పుడు ఆ మోత కూడా కథలోదే అనుకునేవాడు. ఇప్పుడు వాడు ఎనిమిదో తరగతి. వాట్సాప్‌లో స్పీడు రెండింతలు పెట్టుకుని వింటున్నాడంట. విననీయండి.

చదువు రానివాళ్ళం ఏం చెయ్యాలన్నా అని ఒక హెల్పర్ అడిగాడు, రాజంపేట వైపు నుంచి వచ్చిన అతను. నా రూముకి రమ్మన్నాను. నేను చదివాను, అతను విని తన మాటల్లో కూతురికి చెప్పి పంపాడు. అతని కథలో మార్టిన్ మంచు కాదు, మామిడి ఆకులు ఊడ్చేవాణ్ణి పిలిచి టీ ఇచ్చాడు. టాల్‌స్టాయ్ ఏమీ అనుకోడు. అతను వెంకన్న భక్తుడు, మాలలో ఉన్నాడు కూడా. నేను క్రిస్టియన్‌ని కాదు కదా, చెప్పొచ్చా అని అతను అడగలేదు, ఇంకెవరో అడిగారు. పిల్లకి కథ చెప్పడానికి నాన్న అయితే చాలు.

2019లో మా ఆవిడ ఫోను నీళ్ళ బకెట్టులో పడింది. అప్పటిదాకా పంపిన మెసేజ్‌లన్నీ పోయాయి. నాకు చెప్పడానికి భయపడి వారం దాచారు. నేనేమో బ్లూ టిక్కులు రావట్లేదని ఇక్కడ కోపం తెచ్చుకుని కూర్చున్నాను. ఆ డిసెంబర్ 24 రాత్రి నాకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పదకొండు నిమిషాలు. మా అమ్మాయి గొంతు. మార్టిన్ కథ మొత్తం పుస్తకం లేకుండా చెప్పి పంపింది.

అందులో కిటికీ బయట వెళ్ళే కాళ్ళకి సిమెంటు అంటిన సేఫ్టీ షూలు ఉన్నాయి. పుస్తకంలో అవి లేవు. ఎప్పుడో నేను కల్పించి ఉంటాను, నాకే గుర్తులేదు. మన రూముల గుమ్మాల ముందు వరసగా ఉంటాయి కదా, అవి చూస్తూ చెప్పి ఉంటాను. ఆమె ఇప్పుడు కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. ఈ ఏడు హాస్టల్లో ఉంది, పండగకి ఇంటికి వెళ్తుందో లేదో తెలీదు. అయినా తమ్ముడికి మార్టిన్ కథ తనే పంపుతానంది, నన్ను వేరేది చూసుకోమంది.

ఈసారి 25 గురువారం. మన సైటులో సెలవు లేదు, నాకు ఆ రోజు స్లాబ్ పోత ఉంది. అందుకని నేను ముందే చదివి పంపేస్తాను. మార్టిన్ కథ పుస్తకం, కుదించిన క్రిస్మస్ కేరల్ పుస్తకం నా దగ్గర ఉన్నాయి. కావలసినవాళ్ళు రాత్రి ఎనిమిది తర్వాత రూముకి రండి, పేజీలు ఫోటో తీసుకోండి. పుస్తకం మాత్రం బయటికి ఇవ్వను, పోయినసారి ఇస్తే సాంబారు మరకతో వచ్చింది.